పేర్పులోకి రాని మాట

తొమ్మిదో రోజు

ఈ పుస్తకం సంగతి ఎవరికీ చెప్పలేదు. నాచు బస్తాలకు కట్టే చీటీలు మిగిలిపోతే కుట్టి చేసుకున్నాను. చేత్తో రాసి చాలా కాలమైంది, అక్షరాలు వంకరపోతున్నాయి. పేర్పు పెట్టె ఉన్న గదిలో దీన్ని తెరవకూడదని కూడా అనుకున్నాను. పెట్టెకు కళ్లు లేవని తెలుసు. అయినా.

తుఫాను వెళ్లి తొమ్మిది రోజులైంది. ఆ పూట పద్నాలుగో తెప్ప ఊరి నుంచి ఊడిపోయి పదకొండు మందితో సముద్రంలోకి కొట్టుకుపోయింది. ఎనిమిది మందిని తెచ్చుకోగలిగాం. అది ఎందుకు ఊడిందో తేల్చి రాయమని సంఘం నాకు అప్పగించింది. నలభై తెప్పలు కలిపి కట్టుకున్న ఈ తెప్పూరులో రాతపని పన్నెండేళ్లుగా నాదే.

రాయడం కన్నా, రాయడానికి ముందు చేసే పని నాకు ఇష్టం. తెప్ప తెప్పకీ తిరుగుతాను. ఎవరేం చెప్పినా, పనికొచ్చేదా కాదా అని చూడకుండా మూట కట్టుకుని వస్తాను. ఇంటికొచ్చి ఒక్కొక్క మాటా, చెప్పినవాళ్ల పేరుతో సహా, పేర్పు పెట్టె అనే యంత్రానికి వినిపిస్తాను. తెల్లారేసరికి అది వాటిని గుంపులు కట్టి, ఏది ముందు రావాలో ఏది వెనక రావాలో పేర్చి, కాగితం మీద అచ్చేసి ఇస్తుంది. ఆ కాగితాన్నే పేర్పు అంటాం, ఇక దాన్ని చూసి రాసుకుపోవడమే. పేర్పులో లేని మాట రిపోర్టులో ఉండకూడదని సంఘం నియమం. నాకు ముందున్న రాతగాడు సొంత కక్షలు రిపోర్టుల్లోకి దూర్చాడట, అప్పుడు పెట్టారు.

ఇవాళ వచ్చిన పేర్పులో ఆరు గుంపులున్నాయి. గాలి, అలలు, చీకటి, ఆలస్యంగా మోగిన గంట, అందని తాళ్లు, చాలని పడవలు. ముచ్చటగా ఉంది, ఒకదాని నుంచి ఒకటి నడిచివెళ్తున్నట్టు. రెండోసారి చదువుతుంటే ఏదో లేదనిపించింది. పదిహేనో తెప్ప వీరలక్ష్మి చెప్పిన మాట లేదు.

చెప్పడం మరిచిపోయానేమో అనుకుని పెట్టెకి మళ్లీ చెప్పాను.

పదో రోజు

పొద్దున్నే పేర్పు చూశాను. మళ్లీ లేదు.

ఎండ పలకల మీద ఉప్పు తుడిచి, ఉప్పునీళ్లను మంచినీళ్లు చేసే ఆవిరి కుండలు కడిగి, పనులయ్యాక పదిహేనో తెప్పకు వెళ్లాను. వీరలక్ష్మి నాచు ఆరబెడుతోంది. యాభై దాటిన మనిషి, చేతులు గోళ్ల దాకా ఆకుపచ్చ. పద్నాలుగో తెప్ప మీద పోయిన ముగ్గురిలో ఆమె చెల్లెలు ఒకతి. నేను మొదటిసారి అడిగినప్పుడు ఏం చెప్పిందో అదే మళ్లీ చెప్పమన్నాను. విసుక్కోలేదు.

"ఆ కీలు కిర్రుమనేదండి. పదేళ్లుగా అదే సద్దు, అది వింటేనే నాకు నిద్ర పట్టేది. కొత్త చీల వేసేక మారిపోయిందండి. టక్కు టక్కుమని కొట్టుకునేది, ఎండుపుల్ల ఇరిగినట్టు. తుఫానుకి పది రోజుల ముందే మా చెల్లికి చెప్పేను. నీకన్నీ అనుమానాలే అక్కా అంది."

ఈ సద్దు ఇంకెవరైనా విన్నారా అని అడిగాను.

"ఇన్నారో లేదో నాకు తెలీదండి. నేనైతే ఇన్నాను."

తెప్పకూ తెప్పకూ మధ్య నాలుగేసి కీళ్లుంటాయి. కీలుకో చీల, మోచెయ్యంత పొడవు. పాత ఓడల ఉక్కుతో చేసిన చీలలు అరిగిపోతే, పోయినేడు మన కొలిమిలోనే కొత్తవి పోతపోశారు. అవి పద్నాలుగో తెప్ప నుంచి ఇరవై రెండో తెప్ప దాకా వేశారు. వీరలక్ష్మి మాట నిజమైతే ఆ తెప్ప ఊడింది గాలికి కాదు. మిగతా ఎనిమిది తెప్పలూ ఇప్పుడు అవే చీలల మీద ఊగుతున్నాయి. వాటి మీద ఎనభై రెండు మంది ఉన్నారు.

ఆ ఒక్క మాటే పేర్పులోంచి పోతోంది.

పన్నెండో రోజు

నిన్న ఒక పరీక్ష పెట్టాను. వీరలక్ష్మి మాటను మూడు రకాలుగా పెట్టెకి చెప్పాను. ఒకసారి ఆమె అన్నది అన్నట్టుగా. ఒకసారి నా భాషలో. మూడోసారి చీల అనే పదం రాకుండా, సద్దు గురించి మాత్రమే.

ఇవాళ మూడూ లేవు. పేర్పు మొన్నటికన్నా నున్నగా ఉంది. గాలి గుంపులోకి ఇంకో రెండు మాటలు చేరాయి. చదువుతుంటే నాకే నమ్మాలనిపించింది, గాలికే ఊడిందని. రిపోర్టు రాసేటప్పుడు తేల్చేదేమీ ఉండదు. ఏ మాట ఏ మాట పక్కన కూర్చుందో, ఏది బయట నిలబడిందో, అక్కడే అంతా తేలిపోతుంది. ఇన్నేళ్లూ ఈ సంగతి తెలిసే, ఆ పనిని పెట్టెకి వదిలేశాను.

ఎవరో తీస్తున్నారు. నేను బయటికి వెళ్లినప్పుడు ఈ గదిలోకి ఎవరైనా రావచ్చు, తెప్పూరులో తలుపులకు తాళాలుండవు. కానీ పెట్టె లోపలి పలక తెరవాలంటే తాళంచెవి కావాలి. అది దైవసహాయం బాబాయ్ ఒక్కరి దగ్గరే ఉంటుంది.

దైవసహాయం బాబాయ్ యంత్రాలు బాగుచేసే మనిషి. అరవైకి రెండేళ్లు తక్కువ. నాకు రాతపని వచ్చిన కొత్తలో పెట్టెతో ఎలా మాట్లాడాలో నేర్పింది ఆయనే. ఆయన పేరు ఇక్కడ రాయడానికి చెయ్యి ఆడలేదు. రాశాను.

పదమూడో రోజు

సంఘం పెద్ద కామేశం గారు గదికి వచ్చారు. మామూలుగా కబురు పెడతారు గానీ తనే రారు. వచ్చి నిలబడే మాట్లాడారు. దక్షిణాన ఇంకో వాయుగుండం పడిందట, వారంలో ఇటు తిరగవచ్చట. పద్దెనిమిదో రోజు సభలో రిపోర్టు చదవాలన్నారు. ఎవరెవరిని కలిశానో అడిగారు. నేను పేర్లు చెబుతుంటే తలాడిస్తూ విన్నారు. వీరలక్ష్మి పేరు రాగానే తల ఆగింది.

"ఆవిడేమంది?"

చెప్పాను. ఆయన కిటికీలోంచి కీళ్లవైపు చూశారు. తర్వాత, "పాపం, చెల్లెల్ని పోగొట్టుకున్న మనిషి" అన్నారు. పేర్పు కాగితం తీసుకుని చదివి, జాగ్రత్తగా ఉన్నచోటే పెట్టి వెళ్లిపోయారు.

కొత్త చీలలు పోతపోయించింది ఆయనే. ఆ రోజు సభలో లడ్డూలు పంచారు, నేనూ తిన్నాను.

సాయంత్రం నాచు దించుకుని వస్తుంటే వంతెన పలక మీద కామేశం గారూ దైవసహాయం బాబాయీ మాట్లాడుకుంటున్నారు. బాబాయ్ వేళ్లు మడిచి ఏదో లెక్క చెబుతున్నాడు. నన్ను చూసి ఇద్దరూ ఆపేశారు. బాబాయ్ నావైపు నవ్వాడు. ఎప్పుడూ నవ్వే నవ్వే, ఇవాళ మాత్రం దాని వెనక ఏముందా అని చూశాను.

పద్నాలుగో రోజు

ఈ రోజు చేసింది మంచిదో చెడ్డదో తెలియదు. జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం బాబాయ్ పెట్టెకి నూనె పెట్టడానికి వచ్చాడు. ఉప్పుగాలికి లోపల తుప్పు పట్టకుండా పదిహేను రోజులకోసారి వస్తాడు. ఆయన పలక తెరుస్తుంటే నేను తలుపు దగ్గర నిలబడ్డాను, దారికి అడ్డంగా.

"బాబాయ్, వీరలక్ష్మి చెప్పిన మాట నువ్వే తీస్తున్నావా?"

ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పాను. ఎవరు తీయమన్నారని అడిగాను. నిన్న వంతెన మీద ఏం మాట్లాడుకున్నారని అడిగాను. ఎనభై రెండు మంది ప్రాణాలని, దొంగపని చేసేవాళ్లు ఇంతకన్నా పెద్ద దొంగతనం చెయ్యలేరని అన్నాను. ఆ మాట నోట్లోంచి వస్తున్నప్పుడే ఎక్కువైందని తెలిసింది, కానీ ఆగలేదు.

బాబాయ్ నూనె డబ్బా మూత పెట్టాడు. చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. మెడలోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

"చూడాలనుంటే చూసుకో అమ్మాయ్" అన్నాడు.

నేను తప్పుకున్నాను. వెళ్లిపోయాడు.

పదిహేనో రోజు

తాళంచెవి బల్ల మీదే ఉంది. ముట్టుకోలేదు.

అంత తేలిగ్గా ఎందుకు ఇచ్చాడు? తప్పు చేయనివాడు కోప్పడతాడు. కోప్పడలేదు. నేను పలక తెరిచాక, పెట్టెను పాడుచేసింది నేనే అని సభలో చెప్పడానికా? నా వేలిముద్రలు దాని మీద పడాలనా? ఇలా ఆలోచిస్తూ పొద్దంతా గడిపాను. వడ్డించుకున్న చేపల పులుసు అలాగే ఉండిపోయింది.

వాతావరణ గంట రెండుసార్లు మోగింది. వాయుగుండం ఇటే వస్తోంది.

పదహారో రోజు

పెట్టెను నమ్మను, మనుషుల్ని నమ్మలేను. కనుక పాత పద్ధతికి వెళ్లాను. మా అమ్మమ్మ ఏదైనా ఉత్తరం రాయాలంటే ముందు చిన్న చిన్న చీటీల మీద ఒక్కో ముక్క రాసి నేల మీద పరిచేది. గాలికి ఎగరకుండా వాటి మీద గవ్వలు పెట్టేది.

నేను తిరిగి తెచ్చిన ప్రతి మాటనూ గుర్తు చేసుకుని చీటీకొకటి రాశాను. అరవై ఏడు అయ్యాయి. గది నేలంతా పరిచాను. మొదట ఏ గుంపూ కట్టలేదు. మధ్యలో కూర్చుని చూస్తూ ఉండిపోయాను. తర్వాత పెట్టె ఇచ్చిన పేర్పును చేత్తో పట్టుకుని, అందులో ఉన్న మాటల చీటీలను ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాను.

నేల మీద వీరలక్ష్మి చీటీ ఒక్కటే మిగలాలి. నాలుగు మిగిలాయి.

మిగతా మూడూ నేను పట్టించుకోనివి. తొమ్మిదో తెప్ప ముసలాయన తన కోళ్లు ఆ పొద్దున అరవలేదన్నాడు. ఒకామె పద్నాలుగో తెప్ప మీద ఎవరో పాడుతున్నట్టు వినిపించిందంది. ఇంకొకతను ఆ వేళ నీళ్లు వెచ్చగా ఉన్నాయన్నాడు. వీటిని ఎవరైనా ఎందుకు తీస్తారు? చీలల సంగతి దాచాలనుకున్నవాడికి కోళ్లతో పనేముంది?

పక్కన పెట్టినవాటిని మళ్లీ తీసి పేర్లు చూశాను. గాలి గురించి పంతొమ్మిది మంది. గంట గురించి పదకొండు మంది. పడవల గురించి తక్కువలో తక్కువ ఇద్దరు. నేల మీద మిగిలిన నాలుగింటికీ ఒక్కో పేరే ఉంది.

బల్ల దగ్గరికి వెళ్లి తాళంచెవి అందుకున్నాను. మళ్లీ పెట్టేశాను. లోపల ఏముంటుందోనని మొదటిసారి వేరే రకంగా భయమేసింది.

పదిహేడో రోజు

పొద్దున పలక తెరిచాను. లోపల చిన్న తెర ఉంది. పెట్టెకి ఇంతవరకూ ఇచ్చిన ఆజ్ఞలన్నీ అందులో వరసగా ఉంటాయి. ఏ రోజున, ఏమని, ఎవరు అడిగితే. పదమూడే ఉన్నాయి. తొమ్మిదోది ఇది:

ఒక్క మనిషే చెప్పిన మాటలు పేర్పులోకి రాకూడదు. అడిగినవారు, నీలవేణి, రాతపని.

తేదీ రెండేళ్ల కిందటిది.

అది నేనే.

కూర్చున్న చోటే గుర్తొచ్చింది. వలల తగాదా రిపోర్టు అప్పుడు. నూట ఎనభై మంది, తలా ఒక మాట. ఒకరికి పిల్లి మీద కోపం, ఒకరికి వదిన మీద. పేర్పు ముప్పై పేజీలు వచ్చింది. నాకు తలనొప్పి. ఈ విడి మాటలన్నీ నాకొద్దు బాబాయ్, ఇద్దరైనా చెబితేనే పట్టుకోమను అన్నాను. ఆయన సరే అన్నాడు. మర్నాటి నుంచి పేర్పులు పొందిగ్గా రావడం మొదలైంది. నా రిపోర్టులు బాగుంటున్నాయని సభలో అందరూ మెచ్చుకున్నారు. నాకు చెయ్యి తిరిగిందనుకున్నాను.

పలక మూయకుండానే బాబాయ్ ఉండే మూడో తెప్పకు వెళ్లాను. గుమ్మంలో కూర్చుని తెగిన పంపు పట్టీ అతుకుతున్నాడు. నన్ను చూసి పని ఆపలేదు. తప్పు నాదేనని చెప్పాను. తల ఊపాడు. ఆ రోజే ఎందుకు చెప్పలేదని అడిగాను, అందులో కూడా కాస్త నిష్ఠూరం ఉంది, సిగ్గులేకుండా.

"పేర్పెలా కడతందని అడిగుంటే చెప్పేవాణ్ణి. దొంగవా అనడిగేవు. దానికేం చెప్పను?"

పట్టీ రెండో కొస పట్టుకోమన్నట్టు చూపించాడు. పట్టుకున్నాను. అతుకు ఆరేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం. అప్పుడు తనే వంతెన సంగతి చెప్పాడు. చీలలన్నీ పీకి చూడాలంటే ఎంతమంది కావాలి, ఎన్నాళ్లు పడుతుంది అని కామేశం అడుగుతున్నాడట. ఆయనకూ అనుమానమేనట. కానీ తను పోయించిన చీలలు చెడ్డవేమోనని తన నోటితో ఎలా అంటాడు? రిపోర్టులో వస్తే పీకిస్తాను, రాకపోతే లేదు అన్నాడట.

అంటే కామేశం గారు నా కాగితం కోసం చూస్తున్నారు. నేను పెట్టె కాగితం కోసం చూస్తున్నాను. పెట్టె రెండేళ్ల కిందటి నా మాట వింటోంది.

తొమ్మిదో ఆజ్ఞ తీసేయమని బాబాయ్‌ని అడిగాను. నువ్వే తీసేసుకో, తాళంచెవి నీ దగ్గరే ఉందిగా అన్నాడు. మెత్తగానే అన్నాడు. తాళంచెవి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఆజ్ఞ తీసేసి అరవై ఏడు మాటలూ మళ్లీ చెప్పాను.

పద్దెనిమిదో రోజు

ఇవాళ వచ్చిన పేర్పు అంత ముచ్చటగా లేదు. ఆరు గుంపులూ, చివర ఏ గుంపుకూ చెందని నాలుగు మాటలూ. పెట్టె వాటిని చివర పెట్టింది. వాటిని ఎక్కడ పెట్టాలో ఇక నా పని. కోళ్లనూ పాటనూ వెచ్చని నీళ్లనూ చివరే ఉంచాను. వీరలక్ష్మిది ముందుకు తెచ్చాను. గాలి వచ్చింది నిజమే. కానీ అదే గాలి నలభై తెప్పల మీదా వచ్చింది, ఊడింది ఒక్కటే. ఆ ఒక్కటి ఎందుకో చెప్పడానికి ప్రయత్నించిన మనిషి ఒక్కతే. ఈ మూడు వాక్యాలు రాయడానికి పొద్దు సగమైంది. ఆ తర్వాత ఆగలేదు.

సభలో చదివాను. రెండేళ్ల కిందటి ఆజ్ఞ గురించీ చదివాను, ఎవరు ఇచ్చారో కూడా. వెనక వరసలో వీరలక్ష్మి తల దించుకుని తన చేతులు చూసుకుంటోంది. నేను ఆమె మాట చదివినప్పుడు ఒక్కసారి తలెత్తింది.

కామేశం గారు లేచారు. నా గురించి ఏదో అంటారని ఎదురుచూశాను. ఆయన నావైపు చూడనే లేదు. ఈతగాళ్లను పేరు పేరునా పిలిచి కీళ్ల దగ్గరికి పంపారు.

సాయంత్రానికి ముప్పై రెండు చీలలూ పీకారు. ఆరింటికి బీటలున్నాయి. పంతొమ్మిదో తెప్పది పట్టుకుని లాగుతుండగానే రెండు ముక్కలైంది. లోపల గాలి బుడగలు, తేనెపట్టులా. కామేశం గారు ఆ ముక్కను చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. ఎనభై రెండు మందిని సామాన్లతో సహా గట్టి తెప్పల మీదికి మార్చారు. మా ఇంట్లో తొమ్మిది మంది దిగారు.

ఇరవై రెండో రోజు

తుఫాను వెళ్లిపోయింది. ఖాళీ తెప్పలు రెండు పోయాయి. మనుషులెవరూ పోలేదు. ఇల్లంతా తడి బట్టలు, ఉల్లిపాయల వాసన. రాతపనిలో నన్ను ఉంచాలా వద్దా అన్నది వచ్చే సభలో తేలుస్తారట. కామేశం గారే స్వయంగా చెప్పారు. చీలల పని తను చూడకూడదని తనే రాసిచ్చానని కూడా అన్నారు. ఆయన మీద అనుమానం నాకు పూర్తిగా పోయిందా అంటే చెప్పలేను. బహుశా ఆయనకూ నా మీద అంతే.

మధ్యాహ్నం దైవసహాయం బాబాయ్ వచ్చాడు. ఆ రోజు తర్వాత గదిలోకి రావడం ఇదే మొదలు. కూర్చోలేదు.

"పేర్పులోకి రానివి పెట్టె పారెయ్యదమ్మాయ్. పక్కన పెడతది. నాకు తెలుసు, నీకు చెప్పలేదు. నీ రిపోర్టులు అందరూ మెచ్చుకుంటంటే ఎందుకులే అనుకున్నాను. నా తప్పదీ."

పలక తెరిచి ఏ మీట నొక్కాలో చూపించాడు. తెర మీద అంకె వచ్చింది. నాలుగు వందల పన్నెండు. రెండేళ్లలో ఒక్కొక్కరే చెప్పిన మాటలు, పేర్లతో సహా. ఆయన వెళ్లిపోయాక మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను.

మొదటిది పిల్లి. రెండోది ఎవరి వదినో. ఊపిరి పీల్చుకున్నాను. పదహారోది రెండో తెప్ప మీద ఉండే సూర్యకాంతం చెప్పింది. పడమటి తొట్టి నీళ్లలో తుప్పు వాసన వస్తోంది, తాగిన రోజు కడుపులో పట్టేసినట్టుంటోంది.

అది మంచినీళ్ల రిపోర్టు కోసం తిరిగినప్పటి మాట. ఆ రిపోర్టు నాకు బాగా గుర్తు. నాలుగు తొట్ల నీళ్లూ బాగున్నాయని రాశాను. పడమటి తొట్టి నీళ్లు ఇప్పటికీ సగం ఊరు తాగుతోంది.

మిగతా మూడు వందల తొంభై ఆరూ తర్వాత చదవాలనుకుని చీటీల పుస్తకం తీసుకుని బయల్దేరాను. సూర్యకాంతం గుమ్మంలోనే ఉంది, తడిసిన చాప ఆరేస్తోంది. ఎందుకొచ్చానో చెప్పబోయాను. నా చేతిలో పుస్తకం చూసి ఆమెకే అర్థమైంది.

"నేను చెప్పి రెండేళ్లయిందండి" అంది. చాప ఒక పక్కకి జరిపి, "కూర్చోండి" అంది.